సాధారణ తరగతి కాశమ్మ

కాశమ్మ టీచర్ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్క మట్టిగోడ ఉండేది. నా భుజాల ఎత్తు. దాని మీద మోచేతులు ఆనించి నారాయణఖేడ్ సంగతుల్లో సగం తెలుసుకున్నాను, మిగతా సగం అంగడిలో తెలుసుకున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది గానీ, పక్కింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనే ఆశ ఏ తరగతిలోనూ ఆగలేదు. నాకంటే బాగా రాసేవాళ్లు మా గల్లీలో ఉన్నారేమో. కానీ వాళ్లెవరూ ఆ గోడ దగ్గర నిలబడలేదు.

కాశమ్మది కంగ్టి దిక్కు రైతుల ఇల్లు. పెళ్లయ్యాక ఖేడ్‌కు వచ్చింది. భర్త సంగయ్య మనూర్ దగ్గర కందిచేను చూసుకుంటూ వారంలో సగం రోజులు అక్కడే ఉండేవాడు. ఆమె మా వెనక గల్లీలోని పంచాయతీ సమితి బడిలో మూడో తరగతికి టీచర్. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. ఆమె పిల్లలతో గుణింతాలు చెప్పిస్తుంటే, ఇంట్లో బియ్యం ఏరుకునే నేను కూడా క, కా, కి, కీ అనుకుంటూ ఏరేదాన్ని. చెడ్డ టీచర్ కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇక నేను చెప్పబోయేదంతా ఆమె ఓర్వలేనితనం గురించే.

ఆమె ఓర్వలేనిది రిబ్కమ్మ టీచర్‌ను. ఇద్దరూ ఒకే ఏడు ఆ బడిలో చేరారు. మూడో తరగతికి రెండు సెక్షన్లుంటే ఒకటి ఈమెకు, ఒకటి ఆమెకు ఇచ్చారు. పిల్లలు నాలుగో తరగతికి పోతే టీచర్లూ వాళ్ల వెంటే పోవడం ఆ బడి పద్ధతి. రిబ్కమ్మ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. ఆమె నెమ్మదిగా మాట్లాడితే పిల్లలు వినడానికి ముందుకు వంగేవాళ్లు. కాశమ్మ గట్టిగా మాట్లాడితే వెనక్కి ఒరిగేవాళ్లు. ఇది నాకు కనబడింది గానీ కాశమ్మతో అనలేదు. అనకపోయినా ఆమెకూ కనబడింది.

బడి విడిచాక రిబ్కమ్మ చేతిసంచి మోయడానికి పిల్లలు పోట్లాడుకునేవాళ్లు. కాశమ్మ తన సంచి తానే మోసుకుంటూ వాళ్ల వెనక నడిచేది. దాటిపోవాలంటే అడుగు పెంచాలి. పెంచితే, చూసి ఓర్వలేక పోయిందంటారు. పెంచకపోతే ఆ సంచి ఊగుతూ పోవడం ఇల్లు చేరేదాకా చూస్తూనే ఉండాలి. ఒకసారి రిబ్కమ్మ లేత ఆకుపచ్చ చీర కట్టుకొస్తే, తర్వాతి అంగడిలో కాశమ్మ కూడా లేత ఆకుపచ్చ చీర కొన్నది. కట్టుకుని గోడ దగ్గరికి వచ్చి ఎట్లున్నదని అడిగింది. మంచిగున్నదన్నాను. ఇంకో మాట కోసం కాసేపు నిలబడి, నేను అనకపోయేసరికి లోపలికి పోయింది. ఆ చీర తర్వాత ఆమె ఒంటి మీద నేను చూడలేదు.

అన్నిటికంటే కాల్చేది మరొకటి ఉంది. సొంత బిడ్డ సొంత తరగతిలో కూర్చోకూడదని హెడ్మాస్టర్ బీరప్ప సార్ పట్టుదల. దానితో కాశమ్మ బిడ్డ సుమిత్ర రిబ్కమ్మ సెక్షన్‌లో పడింది. సాయంత్రం తల్లి పుస్తకం తెరిపిస్తే ఆ పిల్ల, "మా టీచర్ గిట్ల చెప్పదు" అనేది. తల్లి కూడా టీచరేనన్న సంగతి దానికి ఎప్పుడూ గుర్తుండేది కాదు.

రిబ్కమ్మ చెప్పే తీరు వేరు. పొద్దున పిల్లలను నిలబెట్టి, నిన్న ఏం జరిగిందో చెప్పమనేది. ఒకడు మా ఎడ్లు తప్పిపోయినయ్ అంటాడు. ఒకతె మా అవ్వ అటుకులు దంచింది అంటుంది. వాళ్లు అన్న మాటను అన్నట్టే బోర్డు మీద రాసి, దాన్నే చదివించేది. తన నోటి మాట బోర్డు మీద కనబడితే ఏ పిల్ల చదవకుండా ఉంటుంది? సుమిత్ర మూడు నెలల్లో మా ఇంటికి పొట్లం కట్టుకొచ్చిన కాగితాలు కూడా విప్పి చదివేసేది. నాకు ముచ్చటగా ఉండేది. కాశమ్మ మాత్రం, "ఎడ్లు తప్పిపోయినయని రాసుడు గూడ చదువేనా పెద్దమ్మా?" అని మూతి తిప్పేది.

ఇది డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిది నాటి సంగతి. ట్రైనింగ్ కాలేజీ నుంచి జగన్నాథ్ సార్ అనే లెక్చరర్ ఒకాయన వచ్చాడు. పల్లె పిల్లలకు చదవడం ఎట్లా వస్తుందో పరిశోధన చేస్తున్నాడట. రెండు సెక్షన్లూ ఒక్కో రోజు చూశాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా రిబ్కమ్మ గదిలోనే కూర్చునేవాడు. మాఘమాసంలో ఒకరోజు రెండు సెక్షన్లకూ తనే చదివించే పరీక్ష పెట్టాడు. పిల్లలకు అందించకుండా ఉండాలని టీచర్లిద్దరినీ హెడ్మాస్టర్ గదిలో కూర్చోమన్నాడు. పొద్దంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాటా మాట్లాడుకోలేదని అప్పుడు కాశమ్మ నాకు గర్వంగా చెప్పింది.

ఎండలు ముదిరేనాటికి పంతుళ్ల మాసపత్రికలో ఆ పరిశోధన అచ్చయింది. బీరప్ప సార్ దాన్ని టీచర్లందరి ముందు చదివి వినిపించాడు. కాశమ్మ ఆ పత్రికను సంచి అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చింది. గోడ మీది నుంచి నా చేతికిచ్చి, చదువు పెద్దమ్మా అంది. నేను కూడబలుక్కుని చదివాను. అందులో ఊరి పేరూ లేదు, టీచర్ల పేర్లూ లేవు. రిబ్కమ్మ సెక్షన్‌ను ప్రయోగ తరగతి అన్నాడు. కాశమ్మ సెక్షన్‌ను సాధారణ తరగతి అన్నాడు. ప్రయోగ తరగతి చదవడంలో ఎంతో ముందుందట. సాధారణ తరగతిలో సగం మంది పిల్లలు పలక మీద రాసి చూపిన తమ పేరు కూడా చదవలేకపోయారట.

"సాధారణం" అంది కాశమ్మ. "ఇన్నేండ్లు గొంతు చించుకున్నందుకు నేను సాధారణమట."

పేర్లు లేకపోతే ఏం, ఖేడ్‌లో తెలియనివాళ్లు ఎవరు? బోరింగు దగ్గర బిందెలు పెట్టిన ఆడవాళ్లు, వచ్చే ఏడు తమ పిల్లలను రిబ్కమ్మ సెక్షన్‌లో వేయించాలని మాట్లాడుకున్నారు. అక్కడే ఉన్న కాశమ్మ బిందె సగం నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది. మిగతా సగం నేనే పోసిచ్చాను.

ఆపైన బీరప్ప సార్ పిలిచి ఇంకో మాట చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు, జగన్నాథ్ సార్ కూడా వస్తున్నాడు, టీచర్లందరికీ మీటింగు. ఈ పరిశోధన మీద ఎవరికైనా అడిగేది ఉంటే అడగవచ్చు. లేకపోతే బడి తెరిచాక కాశమ్మ ఒక నెల రోజులు రిబ్కమ్మ గదిలో వెనక కూర్చుని, ఆమె ఎట్లా చెబుతుందో చూసి నేర్చుకోవాలి. అంటే తన బిడ్డ కూర్చునే గదిలో, తన బిడ్డ కూర్చునే చాప వెనక, పలక ఒక్కటే తక్కువగా కాశమ్మ కూర్చోవాలి. బదిలీ చేసి నాగల్‌గిద్దకు పంపినా సంతోషంగా పోయేదాన్నంది నాతో.

ఆ రోజు నుంచి ఆమె ఆ పత్రికను చదివిన తీరు చూడాలి. మొదట ఏడుస్తూ చదివింది. తర్వాత తిడుతూ చదివింది. ఆ రెండూ అయిపోయాక, అంగడిలో ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు, గిట్టలు ఎత్తి చూసినట్టు చదవడం మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం గోడ దగ్గరికి వచ్చేది. అంతకుముందు మేము ఆ వేళకు ఎవరి కోడలు అలిగిందో మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు నాకు ఆ ముచ్చట్లు లేకుండా పోయాయి. ఆ పత్రిక మీద నాకూ కొంచెం కడుపు మండిన మాట నిజమే.

ఒకనాడు వచ్చి, ఈయన పరీక్ష ఒక్కసారే పెట్టాడంది. పోయిన ఏడు బడి తెరిచిననాడు ఆమె పిల్లలు ఎంత చదివేవాళ్లో, ఈమె పిల్లలు ఎంత చదివేవాళ్లో చూడనే లేదు. మరి ఎవరు ఎంత దూరం నడిచారో ఎట్లా తెలుస్తుంది? నాకు సబబే అనిపించింది. రిబ్కమ్మ సెక్షన్‌లో దుకాణాలవాళ్ల పిల్లలు, ఆఫీసులవాళ్ల పిల్లలు ఎక్కువ. ఇంట్లో కాగితం, కలం చూసినవాళ్లు. కాశమ్మ సెక్షన్‌లో ఊరి చివరి వాడల నుంచి వచ్చే కూలివాళ్ల పిల్లలు. ఇంకోనాడు, పరీక్ష పెట్టింది ఎవరని అడిగింది. జగన్నాథ్ సారే. ఆర్నెల్లు రిబ్కమ్మ గదిలో కూర్చుని తల ఊపినవాడే మళ్లీ వచ్చి మార్కులు వేస్తే, ఎవరికి ఎక్కువ పడతాయి? ఇదీ సబబే అనిపించింది. ఆమె ముఖం వెలిగింది. అట్లా వెలగడం చీర కొన్ననాడు కూడా చూడలేదు.

కానీ అన్నిటికంటే ఎక్కువ ఆమెను పట్టుకున్నది ఆ ఒక్క వాక్యం. సగం మంది తమ పేరు చదవలేకపోయారన్నది.

"అబద్ధం పెద్దమ్మా. నా సెక్షన్ల పేరు చదవనోడు ఒక్కడు లేడు. ముందుగాల నేర్పేదే పేరు. ఆయన ఎవరిని చదివించిండు?"

మీటింగు రెండు రోజులుందనగా ఆమె హన్మమ్మ ఇంటికి పోయింది. హన్మమ్మ బడిలో ఉప్మా వండే మనిషి. నేనూ వెంట పోయాను. నన్ను ఎవరూ పిలవలేదు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు వానల మీద బతికే పంటలు. దీపావళి దాటితే ఊరి చివరి వాడల్లో చాలా ఇళ్లకు తాళాలు పడేవి. బండ్లు కట్టుకుని చెరుకు కొట్టడానికి బీదర్ దిక్కు పోయి, ఉగాదికి తిరిగొచ్చేవాళ్లు. పోతూ కాస్త పెద్ద పిల్లలను పనికి తీసుకుపోయి, చిన్నవాళ్లను ముసలివాళ్ల దగ్గర వదిలేవాళ్లు. బడిలో ఉప్మాకు రవ్వ కొలిచేది హాజరును బట్టి. అందుకని అన్న చెరుకు తోటలో ఉంటే, వాడి చెల్లెలో తమ్ముడో మధ్యాహ్నం వచ్చి, వాడి పేరు పిలిచినప్పుడు చేయెత్తి, వాడి గిన్నెలో ఉప్మా తినిపోయేవాళ్లు. పేరు మీద కూర్చోవడం అనేవాళ్లం దాన్ని. కాశమ్మ చూసీ చూడనట్టు హాజరు వేసేది. పేరు కొట్టేస్తే ఉగాదికి తిరిగొచ్చిన పిల్లవాడిని మళ్లీ బడికి తెచ్చేవాళ్లు ఉండరు. ఇంటి దగ్గర ఉన్న చిన్నదానికి పూట గడవదు. బడిలో అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు.

కాశమ్మ పరీక్షనాటి సంగతి అడిగితే హన్మమ్మ చేటలో కందులు చెరుగుతూ నవ్వింది.

"నీ పిల్లలెక్కడున్నరు టీచరమ్మా ఆ దినం? సగం మంది పేరు మీద కూసున్నోళ్లే. సార్ పేరుకొక బిస్కెట్ పుడ ఇస్తడని వాడంత ఎరుకాయె. పగటీలి వచ్చేటోళ్లు పొద్దుగాలనే ఉరికొచ్చిండ్రు. సంగప్ప అని పిలిస్తే వాని చెల్లె పోశి లేచి నిలవడ్డది. సార్ కాయిదం దిక్కు చూస్తుండె గని పోరి దిక్కు చూడలే."

పోశికి అప్పుడు ఐదేళ్లు ఉంటాయేమో. బలపం తినే వయసు. దాని ముందు సంగప్ప అని రాసి పెడితే అది ఏం చదువుతుంది? మన దిక్కు పిల్లలు సన్నగా, పొట్టిగా ఉంటారు గనక, జగన్నాథ్ సార్ దాన్నీ మూడో తరగతి పిల్లనే అనుకున్నాడు.

దారిలో కాశమ్మ నడుస్తూ నవ్వుతూనే ఉంది. మీటింగులో అందరి ముందు ఈ మాట అంటే పత్రికలో అచ్చయినదంతా గాలికి పోయిన పొట్టే. రిబ్కమ్మ ముఖం ఎట్లా అవుతుందో నాకు చేసి చూపించింది. కనుబొమలు ఎట్లా పైకి పోతాయో, పెదవి ఎట్లా బిగుసుకుంటుందో. అంత బాగా చేసి చూపించిందంటే, ఎన్నాళ్ల నుంచి ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూస్తోందో అనుకున్నాను.

మా గల్లీ మలుపులో అడిగాను, "మరి ఇన్‌స్పెక్టర్ ముందట చెప్తవా, పేరు మీద కూసునే ముచ్చట?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ రెండు రోజులూ గోడ దగ్గరికి రాలేదు.

మీటింగునాడు నేను మా మనవరాలి టీసీ కాగితం కావాలనే వంకతో బడికి పోయి, వరండాలో కిటికీ పక్కన హన్మమ్మతో కూర్చున్నాను. లోపల ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఉన్నాడు. ఏడాది చివరి తనిఖీ కూడా అదే రోజు కాబట్టి అన్ని తరగతుల హాజరు పట్టీలూ ఆయన ముందు బల్ల మీద దొంతర పెట్టి ఉన్నాయి. రిబ్కమ్మ ముందు వరుసలో తల వంచుకుని కూర్చుంది. జగన్నాథ్ సార్ తన పరిశోధన గురించి చెప్పి, ఎవరైనా అడగవచ్చన్నాడు. కాశమ్మ లేచింది.

"సార్, పరీక్ష ఒక్కసారే పెట్టిండ్రు. మొదలు మా పిల్లలు ఎక్కడుండిరి, ఆమె పిల్లలు ఎక్కడుండిరి చూసిండ్రా?"

జగన్నాథ్ సార్, "లేదమ్మా. చూడాల్సింది" అన్నాడు.

"పరీక్ష పెట్టింది మీరేనా?"

"నేనే."

"ఆర్నెల్లు మీరు కూసున్నది ఏ రూముల సార్?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జగన్నాథ్ సార్ కోపం తెచ్చుకోలేదు. జేబులోంచి కలం తీసి తన చేతిలోని పత్రిక అంచున ఏదో రాసుకున్నాడు. నాకు ఆయన మీద ఆ క్షణంలో మంచి అభిప్రాయం కలిగింది.

"ఇంకొకటి సార్" అంది కాశమ్మ. గొంతులో కోడిపుంజు ఉంది. "సగం మంది పేరు చదవలేదని రాసిండ్రు. ఆ సగం మంది..."

అక్కడ ఆగింది. ఆమె కళ్లు బల్ల మీది దొంతర మీద పడ్డాయి. పైనే ఉంది ఆమె సెక్షన్ హాజరు పట్టీ. కిటికీ దగ్గర హన్మమ్మ నా ముంజేయి పట్టుకుంది. ఇన్‌స్పెక్టర్, ఆ సగం మంది ఏందని అడిగాడు.

"ఏం లేదు సార్" అని కాశమ్మ కూర్చుంది.

నేను ఆ ఒక్క మాట కోసం టీసీ వంక పెట్టుకుని పోయినదాన్ని. గొంతుదాకా వచ్చిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టినట్టయింది నాకే. ఆమెకు ఎట్లా ఉండి ఉంటుంది? రెండు ప్రశ్నలకే అచ్చులో వచ్చింది తప్పయిపోతుందా అని ఇన్‌స్పెక్టర్ నవ్వి, ముందనుకున్నట్టే బడి తెరవగానే కాశమ్మ టీచర్ నెల రోజులు రిబ్కమ్మ గదిలో కూర్చోవాలని చెప్పేశాడు.

మూడో రోజు సాయంత్రం రిబ్కమ్మ కాశమ్మ ఇంటికి వచ్చింది. అంతవరకూ ఆమె ఆ గడప ఎక్కింది లేదు. నేను చల్ల చెంబు పట్టుకుని వెంటనే లోపలికి పోయాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు గనక చెంబు పట్టుకునే కూర్చున్నాను.

రిబ్కమ్మ తన నెమ్మది గొంతుతోనే అంది, "మూడో మాట నాకెరుకే అక్కా. ఆ దినం హెడ్మాస్టర్ రూముల నా కుర్సీ కిటికీ దిక్కుండె. పోశి సంగప్ప పేరు మీద లేచి నిలవడుడు నేను చూసిన."

"చూసి గమ్మునున్నవా?"

"గమ్మునున్న. చెప్తే ఉప్మా పోతదని ఉన్ననో, నా పేరు పోతదని ఉన్ననో, నాకే తెల్వది. చానా దినాలు ఉప్మా కోసమే అనుకున్న. మొన్న నువ్వు లేచి మళ్ల కూసున్నంక, అట్ల అనుకునుడు వశమైతలేదు."

చెంబులో చల్ల నేనే గ్లాసుల్లో పోసి ఇద్దరి ముందూ పెట్టాను. రిబ్కమ్మ చెప్పిన మిగతా మాట ఇది. ఆమె జగన్నాథ్ సార్‌కు జాబు రాసిందట. బడి తెరిచి అందరు పిల్లలూ వచ్చిన ఆషాఢంలో ఒకసారి, దీపావళికి ముందు, బండ్లు కట్టకముందే ఇంకోసారి రెండు సెక్షన్లకూ పరీక్ష పెట్టమని అడిగిందట. పరీక్ష పెట్టేవాళ్లు ఆయన కాకుండా, ఏ సెక్షన్ ఎవరిదో తెలియని బయటివాళ్లు కావాలందట. అప్పటిదాకా కాశమ్మ తన గదిలో కూర్చోకూడదని, కూర్చుంటే ఇద్దరి పద్ధతీ కలిసిపోయి ఎవరిది ఏదో తేలదని కూడా రాసిందట. ఎందుకు మళ్లీ పెట్టాలో మాత్రం రాయలేదు. పోశి పేరు ఎక్కడా ఎత్తలేదు.

"నేను గెలిస్తే నిజంగ గెలవాలె అక్కా" అని లేచి వెళ్లిపోయింది.

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా కాశమ్మ చూస్తూ నిలబడింది. ఇంత మంచి మాట చెప్పిపోయింది కదా, ఇక ఈమె మనసు చల్లబడుతుందనుకున్నాను. నేను కాశమ్మను అన్నాళ్లు చూసి కూడా ఇంకా తెలియనిదాన్నే.

"అదిగూడ ఆమెనే ముందుగాల అన్నది పెద్దమ్మా" అంది పళ్లు బిగబట్టి. "నేను అడగాల్సిన మాట. రెండుసార్లు పెట్టాలన్నది నేను గాదా? బయటోళ్లు పెట్టాలన్నది నేను గాదా? గా రెండు నావి తీస్కపోయి, తనకు తోచింది ఇంకొకటి కలిపి, జాబు రాసేసింది. నాకు కోపం చేసే దారిగూడ ఉంచలే."

జగన్నాథ్ సార్ ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ తన హుకుం ఫలితం తేలేదాకా వాయిదా వేశాడు.

ఆ నాలుగైదు నెలలు కాశమ్మ చెప్పినట్టు చదువు ఇంకెవరూ చెప్పి ఉండరు. పంట నూర్చే కళ్లంలో ఎద్దును తిప్పినట్టు పిల్లలను తిప్పింది. గుణింతాలు, ఒత్తులు, వాచకం, మళ్లీ గుణింతాలు. రిబ్కమ్మ పద్ధతిని మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే గెలిచినా ఆమెదే గెలుపవుతుందని భయం. ఒకరోజు సంగప్ప తరగతిలో లేచి, టీచర్, నిన్న మా మేక ఈనింది, బోర్డు మీద రాయమన్నాడట. అది రిబ్కమ్మ టీచర్ దగ్గర చెప్పుకోమని కూర్చోబెట్టిందట. ఆ ముచ్చట నాకు చెబుతూ తనే కొంచెంసేపు నేల చూసింది.

ఆషాఢంలో కంగ్టి నుంచి వచ్చిన ఇద్దరు పంతుళ్లు పరీక్ష పెట్టారు. దీపావళి ముందు మళ్లీ వాళ్లే వచ్చారు. ఏ గది ఎవరిదో వాళ్లకు చెప్పలేదు. బిస్కెట్లు ఈసారి పరీక్ష అయ్యాక పంచారు. అన్ని చోట్లా ఎవరి పేరు మీద వాళ్లే కూర్చున్నారు. ఆ తర్వాత వారానికి బండ్లు కదిలాయి, పోశి మళ్లీ మధ్యాహ్నం అన్న గిన్నె పట్టుకుని వచ్చింది. కాశమ్మ హాజరు వేసింది.

ఫలితం మాసపత్రికలో సంక్రాంతి దాటాక వచ్చింది. మొదటి వ్యాసంలోని పోలిక సరిగా జరగలేదని, ఒక ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నల వల్ల ఆ లోపం తెలిసిందని జగన్నాథ్ సార్ మొదట్లోనే రాశాడు. ఆ వాక్యం కాశమ్మ నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది. ఈసారి లెక్కలు కూడా చేయించారట, వాటిలో రెండు తరగతులూ సమానం. పేరు చదవలేనివాళ్లు ఏ తరగతిలోనూ లేరు. కానీ చదవడంలో, మొదట ఎక్కడ ఉన్నారో చూసి ఇప్పుడు ఎక్కడికి వచ్చారో చూస్తే, రిబ్కమ్మ పిల్లలే ఎక్కువ దూరం వచ్చారు. మొదటి వ్యాసంలో చెప్పినంత తేడా లేదు. అందులో సగం కూడా లేదు. కానీ ఉంది.

కాశమ్మ పత్రికను నా చేతిలోంచి తీసుకుంది. ఆదివారం పొద్దున్నే ఎండలో పీట వేసుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. నేను గోడ దగ్గర కందిపొట్టు చెరుగుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాను. ఒక పేజీ చదివి ఆకాశం చూసేది. మళ్లీ వెనక్కి తిప్పేది. ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, రానివాళ్లను ఏం చేశారు, చూసినదానికంటే ఎక్కువ చెప్పాడా, అని తనలో తాను గొణుక్కునేది. సుమిత్ర వచ్చి అన్నం అడిగితే కసిరింది. మధ్యాహ్నానికి పెన్సిల్ పీట మీద పెట్టేసింది. పత్రిక అంచుల్లో ఒక్క గీత కూడా లేదు.

"తప్పు దొరకలేదు పెద్దమ్మా" అంది.

అన్నేళ్లలో ఆమె ముఖంలో అంత ఓర్వలేనితనం నేను ఎప్పుడూ చూడలేదు. అంతకుముందు అసూయకు ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. లెక్చరర్ పక్షపాతమో, పోశి బిస్కెట్లో. ఇప్పుడు ఆనుకోవడానికి ఏమీ లేక అది ఒంటరిగా నిలబడింది.

సోమవారం ఆమె ఎవరూ గుర్తు చేయకముందే పోయి రిబ్కమ్మ గదిలో వెనక చాప మీద కూర్చుంది. తన పిల్లలను ఆ గంటసేపు బీరప్ప సార్‌కు అప్పజెప్పింది. అమ్మ తన వెనక కూర్చుందని సుమిత్ర సిగ్గుతో ఆ గంటా తల తిప్పలేదట. రిబ్కమ్మ కూడా ఆమె వైపు చూడకుండా, ప్రతి రోజూ చెప్పినట్టే చెప్పిందట. ఇదంతా హన్మమ్మ చెప్పింది. నేను పోదామనుకున్నాను గానీ వంక దొరకలేదు.

సాయంత్రం కాశమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఏం చూసినవని అడిగాను. మట్టిగోడ పెచ్చు ఒకటి గోటితో గీకింది.

"మంచిగ చెప్తది పెద్దమ్మా" అంది. "ఒకడు తప్పు చదివితే దిద్దదు. ఊకుంటది. వాడే మళ్ల ఎనకకు పోయి దిద్దుకునేదాంక ఊకుంటది. నేనైతే గంతసేపు ఊకోలేను. పానం మండుతున్నది నాకు, ఆమెను చూస్తుంటే."

"మరి రేపు పోతవా?"

"పోకపోతే ఎట్ల? ఇంక చూసేది మస్తున్నది" అని సుమిత్రను పిలుస్తూ లోపలికి పోయింది.